బాలింత నేల

తెల్లవారేసరికి శంఖుమడుగు గట్టు విడిచి వెనక్కి పోయింది.

నిన్న పొద్దుగూకేదాకా రేవు రాళ్లను తడుపుతూ ఉన్న నీరు, జనం కడవలు చంకనెత్తుకుని వచ్చేసరికి అల్లంత దూరాన కనిపించింది. గట్టుకూ నీటికీ నడుమ రాజవీధి అంత వెడల్పున నల్లని బురదనేల తేలింది. తేలిందో లేదో, దాని మీద అప్పుడే ఎముకల గుంజలు పాతసాగారు! గుంజగుంజకూ ఎర్రగుడ్డ కట్టారు. గుంజల వెనక భటులు ఈటెలు పట్టుకుని నిలబడ్డారు. ఎవరబ్బ సొమ్మనుకున్నారో! వాళ్ల చేతులు విరిగిపోను!

శంఖుమడుగంటే అల్లాటప్పా చెరువు కాదు. పడమట నీలికొండల బారు, తూర్పున మొగలిపొదల తోపు, ఆ రెంటి నడుమ ఆకాశమే దిగివచ్చి పరుచుకున్నట్టున్న జలరాశి. వేకువన ఎర్రతామరలు విచ్చుకుంటుంటే నీటికి నిప్పంటుకుందని కొత్తవాళ్లు కేకలు పెట్టేవారు. కలహంసల బారులు, వెండిపొలుసుల వాలుగలు, తేనెరంగు రెక్కల తూనీగలు, గాలి వీస్తే గట్టుదాకా వచ్చే పుప్పొడి వాసన. మణిశృంగ రాజ్యానికి తలమానికం ఆ మడుగు. దాని నట్టనడుమ స్ఫటికదీవి ఉంది. ఆ దీవిలో కొంతకాలంగా శోషణనాథుడనే మాంత్రికుడు కాపురం పెట్టాడు. అసలు తంటా అంతా వాడితోనే వచ్చింది.

ఈ మడుగుకు తాతలనాటి కట్టడి ఒకటుంది. చుట్టూ ఎవరికి గట్టు ఉంటే వారికి మడుగంతా హక్కే. గట్టు మూరెడున్నా సరే, కోసెడున్నా సరే. పడవ వేసుకోవచ్చు, వల వేసుకోవచ్చు, తామరతూళ్లు తవ్వుకోవచ్చు, మళ్లకు నీరు తోడుకోవచ్చు. ఒకరి వాడకం ఇంకొకరికి అడ్డం కాకూడదు, అంతే. ఆ హక్కు నిలబెట్టుకోవడానికి ఏడాదికొకసారి చేతడి పండుగ వస్తుంది. ఆనాడు గట్టువాళ్లు సొంత నేల మీద నిలబడి, మడుగులో చెయ్యి ముంచి, ఆ తడిచేతిని ధర్మాధికారికి చూపాలి. పొద్దు గుంకేలోగా ఒక్కరి చెయ్యి తడిసినా మడుగు ఉమ్మడిదే. ఏ ఒక్కరిదీ తడవకపోతే మడుగు రాజుది. ఎన్ని తరాలు గడిచినా తడవకపోవడమన్నది లేదు.

ఈ రోజే చేతడి పండుగ. గట్టు మీద నిలబడితే నీరు అందదు. నీటిదాకా నడిస్తే కాళ్లకింద నేల తమది కాదు. శోషణనాథుడి ఎత్తు అదీ! ముసలి రాజు భద్రకీర్తికి పడుచుదనం తెప్పిస్తానని ఆశపెట్టి, నీరు వదిలిన నేల తనకూ, ఆపైన మడుగూ తనకేనని ముందే మాట పుచ్చుకున్నాడు. కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోవాలి?

దీన్ని మించిన ఘోరం ఇంకొకటుంది. గుంజలు పాతుతుంటే గట్టు జనమంతా అక్కడే నిలబడి చూశారు. చూసి ఊరుకున్నారా? గట్టు అంచున పసుపునీళ్లు చల్లారు, వేపమండలు గుచ్చారు, చేతులు జోడించి దణ్ణాలు కూడా పెట్టారు!

కుందమ వల భుజాన వేసుకుని, చేతిలో తెడ్డుతో పరుగెత్తుకొచ్చింది. ఆమెది దక్షిణపు గట్టు. మడుగులోకి ముక్కులా పొడుచుకొచ్చిన చారెడు నేల, ఒక పడవ, ఎవరికీ జడవని నోరు. తండ్రి పోయాక ఆమెకు మిగిలిన ఆస్తి అంతే. గుంజలు చూసి, దణ్ణాలు పెడుతున్న జనాన్ని చూసి ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"పెదనాయనా! వాళ్లు గుంజలు పాతుతుంటే నువ్వు వేపమండలు గుచ్చుతున్నావా?"

గట్టువాళ్లందరికీ పెద్ద, ముసలి బొప్పన. ఆయన నోటి మీద వేలు వేసుకున్నాడు. "గట్టిగా అరవకే అమ్మాయీ! పచ్చి బాలింత."

శంఖుమడుగు వాళ్ల ఆచారం అది. కరువు ఏడు వచ్చి నీరు తగ్గితే, బయటపడిన నేలను బాలింత నేల అంటారు. గంగమ్మ పురుడు పోసుకుందని, గడ్డి మొలిచేదాకా అక్కడ ఎవరూ కాలు పెట్టరు. పశువును కూడా తోలరు. ఆ సంగతి దొంగవెధవకు బాగా తెలుసు. తెలిసే అదను చూసుకున్నాడు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా!

"మనం పెట్టకూడదు సరే, వాళ్లు పెట్టారుగా! వాళ్ల కాళ్లేమీ పడిపోలేదే!" అంది కుందమ.

"వాళ్లు పరాయి మూక. పాపం పుణ్యం ఏం తెలుసు వాళ్లకు? మనం బిడ్డలం. మనకు తెలిసి తెలిసి..." బొప్పన ఇంకో వేపమండ గట్టున గుచ్చాడు. "నాకు మాత్రం కడుపు రగిలిపోవడం లేదంటే? తల్లి పురిటిమంచం మీదుంటే కొట్లాటకు పొమ్మంటావా?"

రేవు మెట్ల మీద కూర్చున్న గాజులవాడు లేచాడు. అతను ఈ గట్టుకు వచ్చి కొద్దిరోజులే అయింది. చూస్తే ఏనుగును కట్టేసే స్తంభంలా ఉంటాడు గాని, గాజు తొడగడం చేతకాదు. ఊళ్లో ఆడవాళ్ల చేతులన్నిటికీ గాట్లు పెట్టాడు. అతను మలయవతీపురపు యువరాజు హేమకేతుడని, శోషణనాథుడు శిలగా మార్చిన చెల్లెల్ని విడిపించుకోవడానికి ఈ వేషం వేశాడని, గాజుల మలారంలో కత్తి దాచాడని కుందమ ఒక్కదానికే తెలుసు.

"పెద్దయ్యా! నిన్న సందెవేళ దీవిలోని దాసీలకు గాజులు అమ్మబోయాను," అన్నాడతను. "అక్కడ నడివాకిట్లో ఏనుగంత శంఖం ఒకటి మూతి కిందికి పెట్టి పాతి ఉంది. అది నీళ్లు తాగుతోంది. గుటకలు నా చెవులతో విన్నాను."

"ఏమో నాయనా! గాజులు అమ్మేవాడి మాట నమ్మి గంగమ్మకు అపచారం చెయ్యమంటావా?"

కుందమ ఇంక ఆగలేదు. గట్టు అంచున బోర్లా పడుకుని, తెడ్డు చాచి బురద తోడి బొప్పన కాళ్ల దగ్గర కుమ్మరించింది.

"పురుడైందన్నావు కదా పెదనాయనా, బిడ్డ ఏది?"

"ఏం మాటలే అవి!"

"అడుగుతున్నాగా! మొన్నటి కరువులో నీరు తగ్గినప్పుడు నేలంతా ఏముందీ? నత్తగుల్లలు, చేపపిల్లలు, రొయ్యపిల్లలు బుడబుడలాడుతూ ఉన్నాయి. బిడ్డలని పేరుపెట్టి గంపల్లో ఎత్తి నీళ్లలో వదిలింది నువ్వే కదా! ఇందులో చూడు. ఒక్క నత్త ఉందా? ఒక్క పురుగు ఉందా? గంగమ్మ కన్నది కాదిది, దొంగ పీల్చి పారేసిన పిప్పి!"

బొప్పన వంగి ఆ బురదను చేతిలోకి తీసుకున్నాడు. పిసికాడు. వాసన చూశాడు. మడుగుబురదకు ఉండే చేపకంపు లేదు, పాచివాసన లేదు. వేళ్ల సందున బూడిదలా రాలిపోయింది. ఆ ముసలాయన ముఖం ముందు పాలిపోయింది, తరువాత జేవురించింది. తాను గుచ్చిన వేపమండను తానే పీకి మోకాలికేసి విరిచాడు.

"నా చేత కాపలా కాయించుకున్నాడే! వాడు మా ఇల్లు దోచుకుంటుంటే నా చేత పసుపునీళ్లు చల్లించాడే! వాడి వంశం ఇంకిపోను!" అని అరుస్తూ, వెనకా ముందూ చూడకుండా గట్టు మీంచి బురదలోకి దూకాడు.

ఎముకల గుంజలు ఒక్కసారిగా జుమ్మన్నాయి. బొప్పన కాళ్ల చుట్టూ బురద రాయిలా బిగుసుకుంది. పాదాల నుంచి పిక్కలకు, పిక్కల నుంచి మోకాళ్లకు ఆయన చర్మం ముడతలు పడి ఎండిపోసాగింది. ఆయన కేక పెట్టాడు. మాంత్రికుడి భటులను ఆ మంత్రం తాకదు. వాళ్లు పళ్లికిలించారు.

కుందమ గట్టున ఉన్న గంప అందుకుంది. తన గట్టు మన్నే గబగబా గోకి, గంపెడు తీసుకొచ్చి బొప్పన కాళ్ల చుట్టూ కుమ్మరించింది. మెరక చేసి నిలబెట్టి లాగుదామని తప్ప ఆమెకు వేరే ఆలోచన లేదు. ఆ మన్ను తగలగానే చుట్టూ నేల చిటపటమని పగిలింది. ముసలాయన కాళ్లు బయటికొచ్చాయి, ఎండిన చర్మానికి మళ్లీ చెమ్మ వచ్చింది. మాంత్రికుడి పట్టు నీరు వదిలిన నేల మీదే గాని, గట్టువాళ్ల సొంత మన్ను మీద లేదు!

కుందమకు ఇంకో సంగతి తట్టింది. ఆమె గిరుక్కున తిరిగి, గట్టు మీద తెల్లగొడుగు కింద కూర్చున్న ధర్మాధికారి విభూతిశర్మ ముందుకు పోయి నిలబడింది. ఆయన ఎవరి పక్షమూ కాదు. తడిచెయ్యి కనపడితే గంట కొట్టిస్తాడు, కనపడకపోతే ఇంటికి పోతాడు.

"ధర్మాధికారి గారూ, ఈ గట్టు మీది మన్ను ఎవరిది?"

"నీది."

"దీన్ని తవ్వి ముందుకు పోస్తే?"

"నీ మన్ను ఎక్కడున్నా నీ మన్నే. కాని మడుగులో మన్ను పోసి నీటిని పూడ్చరాదు. అది కట్టడి."

"నీళ్లుంటే కదండీ పూడ్చడానికి! నీళ్లేవీ?"

విభూతిశర్మ గడ్డం నిమురుకున్నాడు. ఉదయం నుంచీ రాయిలా ఉన్న ఆ ముఖంలో మొదటిసారి నవ్వు కనపడింది. "కట్టడిలో దానికి అడ్డు లేదమ్మాయీ. అయితే నువ్వు నిలబడే నేల నీదే అయి ఉండాలి. పక్కవాడి మన్ను పిడికెడు కలిసినా ఒప్పుకోను."

ఇంకేముంది! పారలు లేచాయి, పలుగులు లేచాయి. కుందమ గట్టు మడుగులోకి పొడుచుకొచ్చి ఉంది గనుక దాన్నే తవ్వడానికి ఒప్పుకున్నారు. ఊరంతా వచ్చి వరసకట్టింది. తవ్వేవాళ్లు తవ్వుతుంటే, మోసేవాళ్లు మోస్తుంటే కుందమ ముందు నిలబడి మన్ను పోయించింది. నల్లనేల మీద ఎర్రమట్టి బాట నాలుక చాచినట్టు సాగిపోయింది. ఆ మట్టి పడిన చోటల్లా ఎముకల గుంజలు ఫెళఫెళ విరిగాయి.

భటులకు ఎగతాళి వదిలి భయం పట్టుకుంది. ఈటెలు దూసి మీదికొచ్చారు. గాజులవాడు అడ్డం తిరిగి మలారం విప్పాడు. ఎర్రగాజులు, పచ్చగాజులు, నీలిగాజులు దోసిళ్లతో తీసి వాళ్ల కాళ్ల ముందు వెదజల్లాడు. ఒట్టికాళ్ల భటులు! గాజులు పటపటమని పగిలి అరికాళ్లలో దిగాయి. కుంటుతూ, తిడుతూ ఒకడి మీద ఒకడు పడ్డారు.

"ఇన్నాళ్లకు నీ గాజులు సరిగ్గా ఎక్కాయిరా నాయనా!" అని ఓ ముసలమ్మ మన్ను గంప మోస్తూనే కేక వేసింది.

కింద పడని వాళ్లకు మలారం అడుగునున్న కత్తి కనిపించింది. హేమకేతుడు బాట దిగకుండానే ఆ అంచునా ఈ అంచునా తానే అయి తిరిగాడు. ఈటె మొనలు నరికాడు, డాళ్లు ఊడబెరికాడు, పారిపోయేవాణ్ణి వదిలేశాడు, ఎదురొచ్చినవాణ్ణి మట్టి కరిపించాడు.

"ఎవరు నాయనా నువ్వు?" అన్నాడు బొప్పన నోరు తెరిచి.

"గాజులవాణ్ణే పెద్దయ్యా. తొడగడం రాదంతే!"

ఎండ వాలింది. బాట నీటి అంచు దాకా వచ్చేసింది. కుందమ ఆఖరి గంప పోసి, మోకాళ్ల మీద వంగి చెయ్యి చాచింది. వేలికి నీరు తగలబోతుండగా, నీరు జర్రున వెనక్కి పోయింది!

గంప మళ్లీ నిండింది. బాట మళ్లీ సాగింది. నీరు మళ్లీ వెనక్కి పోయింది. దీవి వైపు నుంచి గుటకల చప్పుడు ఇప్పుడు అందరికీ వినపడుతోంది. ఎంత మన్ను పోస్తే అంత దూరం పోతుంటే ఇంకేం చేస్తారు? వెనక్కి చూస్తే కుందమ గట్టు గుంతలు పడిపోయింది. ఆమె పడవ కట్టే గుంజ మొదలు బయటపడి వాలిపోయింది. ఇక తవ్వితే రాయి తప్ప మన్ను లేదు. హక్కు కోసం ఉన్న నేలంతా తవ్విపోసుకుంది పిచ్చిది!

అప్పుడు వచ్చాడు వాడు. మొసళ్లు పూన్చిన తెప్ప, దానికి పగడాల తోరణాలు, ముత్యాల జాలర్లు, మీద నెమలిపింఛాల గొడుగు. గొడుగు కింద శోషణనాథుడు. బంగారు జరీ అంగీలోంచి బయటికొచ్చిన ఆ మెడ, ఆ ముఖం బీటలు వారిన పొలంలా ఉన్నాయి. కళ్లల్లో చెమ్మ లేదు, పెదవుల్లో చెమ్మ లేదు. మాట్లాడితే నోట్లోంచి దుమ్ము రాలుతోంది. తెప్ప కుందమ బాటకు ఎదురుగా వచ్చి ఆగింది. బాటకూ తెప్పకూ నడుమ పచ్చిబురద ఒక పట్టీలా మిగిలింది.

"అలసిపోయావా చేపలపిల్లా?" అన్నాడు. "నేల కదలదు. అందుకే దానికి సొంతదారుడు ఉంటాడు. నీరు కదిలేది. కదిలేది ఎవడు పట్టుకుంటే వాడిది. ఈ చిన్న మాట మీ బుర్రలకు ఎక్కడం లేదు."

"గాలి కూడా కదిలేదే! రేపు మా ముక్కులు కూడా మూస్తావా?" అంది కుందమ. "నీకూ తూర్పున గట్టు ఉందిగా! మాతో పాటు వాడుకోమంటే వద్దన్నామా? నువ్వు కొత్తగా వచ్చిన నాడు మా పెదనాయన నీ తెప్పకు తాడు అందించాడు. తామరతూళ్లు పంపాం, చేపలు పంపాం. మాతో పంచుకుంటే నీకేం తక్కువైంది?"

"పంచుకోవడమా!" శోషణనాథుడు దుమ్ము రాల్చుకుంటూ నవ్వాడు. "పంచుకున్నది ఎప్పటికీ సొంతం కాదు. పొద్దు చూడు, కొండ ఎక్కేసింది."

నిజమే, నీలికొండల మీద సూర్యుడు సగమే మిగిలాడు. గొడుగు కింద విభూతిశర్మ లేచి నిలబడ్డాడు. గంట కొట్టేవాడు గుడ్డతో గంట తుడిచి మూటకట్టబోతున్నాడు. బొప్పన చతికిలపడి తల పట్టుకున్నాడు.

కుందమ కళ్లు మాత్రం తెప్ప కిందికి పోయాయి. మడుగంతా వెనక్కి పోతున్నా, తెప్ప కింద నీరు కదలకుండా నిలిచి ఉంది. వాడికి తేలడానికి నీరు కావాలి కదా! ఊరందరికీ లేకుండా చేసినవాడు తన కింద మాత్రం ఉంచుకున్నాడు.

"గాజులాయనా! డాళ్లు!" అని అరిచింది.

హేమకేతుడికి రెండో మాట అక్కరలేకపోయింది. పడిపోయిన భటుల తోలుడాళ్లను ఒకదాని వెంట ఒకటి బురద మీదికి విసిరాడు. కుందమ బాట చివరి మన్నును గంపకెత్తి, నెత్తిన పెట్టుకుని, డాలు మీంచి డాలు మీదికి దూకింది. ఒక డాలు జారింది. మడమ బురదకు తగిలి చురుక్కున ఎండింది. ఆమె ఆగలేదు. శోషణనాథుడు దండం ఎత్తేలోపల ముత్యాల జాలరు పట్టుకుని తెప్ప మీదికి ఎగబాకింది. గంపెడు మన్ను వాడి పట్టు తివాచీ మీద బోర్లించింది. ఆ మన్నులో రెండు కాళ్లూ పాతుకుని నిలబడింది.

"ఏయ్! దిగు! ఇది నా తెప్ప!"

"తెప్ప నీదే! నేను నా మన్ను మీద నిలబడ్డాను!"

దండం ఆమె తల మీదికి దిగబోయింది. హేమకేతుడి కత్తి గిరగిర తిరుగుతూ వచ్చి దాన్ని సగానికి నరికింది. కుందమ నడుము వంచి, కాళ్లు కదపకుండా, తెప్ప అంచు మీంచి చెయ్యి కిందికి దించింది. నీరు చల్లగా తగిలింది. మోచేతిదాకా ముంచింది. ముంచి, ఆ చేతిని గట్టుకేసి నిటారుగా ఎత్తింది. చివరి ఎండ ఆ తడి మీద పడి మెరిసింది.

విభూతిశర్మ కళ్లు చిట్లించుకుని కాళ్లు చూశాడు, మన్ను చూశాడు, చెయ్యి చూశాడు.

"తడిసింది! మడుగు ఉమ్మడిది! కొట్టరా గంట!"

గంట మోగింది. సూర్యుడు కుంగాడు. గట్టంతా ఒక్క పెట్టున అరిచింది. బొప్పన ముసలితనం మరిచి గంతులేశాడు. ఎముకల గుంజలన్నీ బూడిదై రాలిపోయాయి. ఆ గుంజల పట్టు పోవడంతో నల్లనేల మెత్తబడింది. బురదలో కూరుకుపోతున్న భటులు తమను లాగమని ఊరివాళ్లనే బతిమాలుకున్నారు.

శోషణనాథుడు మాత్రం కోప్పడలేదు. విరిగిన దండం మొద్దును మొసళ్ల పగ్గాల మీద పెట్టి, పుటుక్కున తెంపేశాడు. మొసళ్లు మునిగిపోయాయి. తెప్ప గిర్రున ఒక చుట్టు తిరిగి, దీవివైపు దూసుకుపోయింది. హేమకేతుడు బురదలో పడుతూ లేస్తూ వెంట పరుగెత్తాడు గాని, అంతకంతకూ దూరమైపోయింది. దీవి వాకిట్లో ఏనుగంత శంఖం తిరగబడి నోరు తెరిచి ఉంది. మిగిలిన మడుగంతా ఉరుములా హోరుమంటూ అందులోకి దొర్లుతోంది.

"హక్కు నీదేలే," అన్నాడు శోషణనాథుడు ఆ హోరులో, ఆమె చెవి దగ్గరగా వంగి. "ధర్మాధికారే చెప్పాడు, కాదనడానికి నేనెవణ్ణి? పద, నీ మడుగును నేనెక్కడ దాచానో చూద్దువుగాని!"

"పద!" అంది కుందమ. "ఎక్కడ దాచినా అది మాదే."

తెప్ప శంఖం పెదవి మీద ఒరిగింది. తివాచీ జారింది, గొడుగు ఎగిరిపోయింది. కుందమ ఒక చేత్తో మాంత్రికుడి జుట్టు పట్టుకుంది, రెండో చేత్తో కాళ్ల కింద మన్ను పిడికెడు ఎత్తుకుంది. ఇద్దరూ కలిసి ఆ చీకటిలోకి పడిపోయారు.